తండ్రి లేడు, తాత ఉన్నాడు

ఇక్కడ వన్-నార్త్ పార్కులో పూలపొదల మీద తిరిగే చిన్న తేనెటీగ మనకు కొత్తది కాదు. మన ఊళ్లలో చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే ఎపిస్ సెరానా జాతే. పూల మీద కనిపించేవన్నీ కూలి ఈగలు, అన్నీ ఆడవే.

రాణి ఈగ వయసుకొచ్చాక గూడు వదిలి ఎగిరి, గాలిలోనే పదికి పైగా మగ ఈగలతో కలుస్తుంది. ఆ మగవి అక్కడికక్కడే చచ్చిపోతాయి. రాణి ఆ వీర్యకణాలను పొట్టలో ఒక సంచిలో దాచుకుని, జాడీలోంచి ఆవకాయ తీసుకున్నట్టు జీవితాంతం కొంచెం కొంచెంగా వాడుకుంటుంది. గుడ్డులో వీర్యకణం కలిస్తే ఆడ, కలవకపోతే మగ. అందుకే కూలి ఈగకు 32 క్రోమోజోములు, మగ ఈగకు 16. మగ ఈగకు తండ్రి ఉండడు, అమ్మ వైపు తాత మాత్రం ఉంటాడు! 1845లో ఈ సంగతి బయటపెట్టిన జీర్జోన్ ఒక చర్చి ఫాదర్ కావడం నాకు భలే నచ్చింది.

ఇంతవరకూ బీఎస్సీలో చదివిందే. అసలు కిటుకు 2003లో, అంటే మా పక్కనున్న బయోపోలిస్ తెరిచిన ఏడాదే, దొరికింది. సీఎస్‌డీ అనే జన్యువుకు చాలా రూపాలున్నాయి. రెండు వేర్వేరు రూపాలు కలిస్తేనే ఆడ ఈగ. రెండూ ఒకటే అయితే పనికిరాని మగది పుడుతుంది, దాన్ని పురుగు దశలోనే కూలి ఈగలు తినేస్తాయి. రాణి తనకున్న రూపాల్లో ఒకటి ఉన్న సొంత తమ్ముడితో కలిస్తే ఆ కలయికలో పుట్టాల్సిన కూతుళ్లలో సగం ఇలాగే పోతారు. అంతమంది మగవాటితో కలవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇది చదువుతున్న రోజుల్లోనే మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్లమ్మాయిని మా మామయ్య కొడుక్కి ఇద్దామనుకుంటున్నారు. "పిల్ల కళ్లముందే ఉంటుంది. నువ్వు సైన్సు చదివావు కదే, చెప్పు" అంది.

ఈగల కథ చెప్పలేదు, చెబితే "మేం ఈగలమా?" అంటుంది. మనుషుల లెక్క వేరు కూడా. మేనమామ కొడుకుని చేసుకుంటే, పుట్టే బిడ్డకు సగటున 16 జన్యువుల్లో ఒకటి రెండు వైపుల నుంచీ ఒకే కాపీగా వస్తుంది. మేనమామనే చేసుకుంటే 8లో ఒకటి. ఆ కాపీ తలసీమియా లాంటి జబ్బుదైతే కష్టం. మేనరికాల్లో చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, అదీ నిజమే. కానీ మా అమ్మమ్మ తాతయ్యలదీ మేనరికమే, కాబట్టి మా ఇంట్లో ఆ లెక్క ఇంకాస్త పెరుగుతుంది.

వద్దనలేదు. ముందు ఇద్దరినీ జెనెటిక్ కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లమన్నాను. ఇంట్లో చిన్నప్పుడే పోయిన పిల్లలు, పుట్టుకతో వినపడనివాళ్లు ఎవరెవరో రాసుకెళ్లాలి అన్నాను. పిన్ని గొంతు తగ్గింది. అమ్మమ్మకు పుట్టి, ఏడాది నిండకుండానే పోయిన ఇద్దరు పిల్లలున్నారట. వాళ్ల పేర్లు నాకు ఆ రోజే మొదటిసారి తెలిశాయి.

రిపోర్టులు వచ్చేదాకా ముహూర్తం పెట్టుకోం అంది.