కంటి ఇంజెక్షన్ వెనుక బ్యాక్టీరియా: ధర తగ్గితే సరిపోదు, లెక్క ఉండాలి

సూరత్ మరమగ్గాలపై బతికే వారిలో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల తెలుగు నేత కుటుంబాలూ ఉన్నాయి. తెగిన పోగును కనిపెట్టి ముడివేయడం వారి పని. మధుమేహంతోనో, వయసుతోనో రెటీనా దెబ్బతింటే చూపుతో పాటు కూలీ కూడా పోతుంది. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్ ఒకటితో సరిపోదు. నెలల తరబడి మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. అందుకే ఆ మందు ధర ఎంతన్నది వీరికి చిన్న విషయం కాదు.

ఈ మందుల్లో ఒకటి రానిబిజుమాబ్. మన రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీని పోలిన ప్రొటీన్‌లోని ఒక ముక్క ఇది. రెటీనాలో అసహజంగా రక్తనాళాలు పెరిగేలా చేసే ప్రొటీన్‌ను పట్టుకుని అడ్డుకుంటుంది. అమెరికాలో దీనికి 2006లో అనుమతి వచ్చింది. 2015లో గుజరాత్‌కే చెందిన అహ్మదాబాద్ కంపెనీ ఇంటాస్, రజుమాబ్ పేరుతో దీని బయోసిమిలర్‌ను అసలు మందు కంటే తక్కువ ధరకు తెచ్చింది. ప్రపంచంలో తొలి రానిబిజుమాబ్ బయోసిమిలర్ అదే.

దీన్ని తయారుచేసే జీవి ఇ.కోలి బ్యాక్టీరియా. జంతు కణాలతో పోలిస్తే ఇది చాలా వేగంగా పెరుగుతుంది, ఖర్చూ తక్కువ. కానీ పూర్తి యాంటీబాడీకి కొన్ని చోట్ల చక్కెర అణువులు అతికి ఉండాలి. ఇ.కోలికి ఆ పని చేతకాదు. రానిబిజుమాబ్ లాంటి చిన్న ముక్కకు ఆ చక్కెరలు అక్కర్లేదు. అయితే రెండు గొలుసులు సరిగ్గా మడతపడి, గంధకపు బంధాలతో కలిసి ఉండాలి. బ్యాక్టీరియా కణం లోపలి వాతావరణం అందుకు అనుకూలం కాదు. గొలుసులను దాని రెండు పొరల మధ్య ఉన్న ఖాళీలోకి పంపితే అక్కడ ఆ బంధాలు ఏర్పడతాయి. ఈ పద్ధతితో పనిచేసే యాంటీబాడీ ముక్కలు తయారవుతాయని 1988లోనే శాస్త్రవేత్తలు చూపించారు.

హైదరాబాద్‌కూ ఇందులో అనుభవం ఉంది. కీమోథెరపీ తర్వాత తెల్ల రక్తకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్‌ను డాక్టర్ రెడ్డీస్ 2001లో గ్రాఫీల్ పేరుతో విడుదల చేసింది. ఇదీ ఇ.కోలి ఉత్పత్తే. ఈ ప్రొటీన్ బ్యాక్టీరియాలో పనికిరాని ముద్దలుగా పేరుకుపోతుంది. వాటిని కరిగించి, మళ్లీ సరైన ఆకారంలోకి మడతపడేలా చేస్తేనే మందవుతుంది. అంటే ప్రొటీన్ తయారవడం ఒక ఎత్తు, అది పనిచేయడం మరో ఎత్తు.

మూడో గండం శుద్ధి. ఇ.కోలి పైపొరలో ఎండోటాక్సిన్ ఉంటుంది. అది కాస్త మిగిలినా శరీరం వాపుతో స్పందిస్తుంది. కంటిలాంటి సున్నిత అవయవానికి అది మరీ ప్రమాదం. రజుమాబ్ వచ్చిన కొత్తలో కొందరు రోగుల్లో కంటి లోపల వాపు కనిపించిందని వైద్యులు గుర్తించారు. కంపెనీ మందు ద్రావణంలో మార్పులు చేసింది. ఆ తర్వాత మన ఆసుపత్రుల రోగుల రికార్డులతో జరిగిన అధ్యయనాల్లో చూపు మెరుగైనట్టు, కొత్త భద్రతా సమస్యలు లేనట్టు తేలింది.

ఆ సమస్య బయటపడింది వైద్యులు దాన్ని నమోదు చేశారు కాబట్టే. బయోసిమిలర్లకు భారత్‌లో 2012 నుంచి మార్గదర్శకాలున్నాయి. 2016లో వాటిని సవరించారు. మార్కెట్లోకి వచ్చాక కూడా మందును గమనించాలన్నది వాటిలోని ముఖ్యాంశం. దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. దాని హెల్ప్‌లైన్ 1800-180-3024కు రోగులే నేరుగా ఫోన్ చేయవచ్చు.

సూరత్‌లో ఇంజెక్షన్ వేయించుకుని, పండక్కి సొంతూరు వచ్చి, అక్కడి డాక్టర్‌కు కన్ను చూపించుకునే వలస కార్మికుడి విషయంలో ఈ గొలుసు తెగే అవకాశం ఎక్కువ. ఏ మందు, ఏ బ్యాచ్ అన్న వివరం రోగి చేతి చీటీలో లేకపోతే అతని కంట్లో వచ్చిన వాపు ఏ లెక్కలోకీ రాదు. బ్యాక్టీరియా ఖరీదైన ప్రొటీన్‌ను పేదవాడికి దగ్గర చేసింది. ఆ మేలు నిలవాలంటే ఆసుపత్రులు ప్రతి ఇంజెక్షన్ బ్యాచ్ నంబరును రాసి రోగికి ఇవ్వాలి. దానికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.