అడవి అడ్డమని ఎవరు చెప్పిండ్రు?



మొన్న ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, నీ పోస్టులన్నీ రాత్రి పదకొండు దాటినంకనే ఎందుకొస్తయి?" మా గూడెంలో సిగ్నల్ ఆ టైముకే కొంచెం నిలబడతది తమ్మీ. అది కూడా ఇంట్లో కాదు, బోరింగు పక్కన చింతచెట్టు కింద. ఫోన్ పైకెత్తి పట్టుకుంటే రెండు గీతలు వస్తయి, దించితే పోతయి.

ఇంటికి ఇంటర్నెట్ లైను కావాలని పద్నాలుగు నెలలుగా తిరుగుతున్న. నా ఒక్కని ఇంటి గోస అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. నన్ను ఏ మాట చెప్పి వాపస్ పంపిండ్రో అదే మాట మీ గూడేల్లో మీకూ చెప్తున్నరు. ఆ మాట అబద్ధం. అది ఎట్ల అబద్ధమో మీకు తెలవాలె.

మా గూడెం రామగుండం దాటి మంథని దిక్కు పోతుంటే అడవి అంచున ఉంటది. నలభై ఒక్క ఇండ్లు, అందరం నాయకపోడోళ్ళమే. మొదట ఒక ప్రైవేటు కంపెనీ యాప్‌లో బుక్ చేసిన. "మీ పిన్‌కోడ్‌లో సర్వీసు ఉంది" అని పచ్చటి టిక్కు పడ్డది. పైసలు కట్టిన. మూడు రోజులకు ఫోన్ చేసి "సార్, మీ లొకేషన్ ఫీజిబుల్ కాదు" అన్నరు. పిన్‌కోడ్ అంటే పోస్టాఫీసు ఉన్న పెద్ద ఊరిది, మా గూడెం దానికి తోక. కట్టిన పైసలు వాపస్ రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. (కంపెనీ పేరు రాయను. ఏ కంపెనీ అయితేంది, అందరిదీ ఒకటే పాట.)

తర్వాత ఒక లోకల్ కేబుల్ ఆపరేటర్. మనిషి మంచోడే. బైకు మీద వచ్చి చూసి, రోడ్డు నుంచి గూడెం దాకా మూడు కిలోమీటర్లు లెక్కేసిండు. "ఇరవై కనెక్షన్లు పట్టుకురా, ఆరు నెలల పైసలు ముందే ఇప్పియ్యి, వైరు గుంజుత" అన్నడు. ఇల్లిల్లు తిరిగిన. పదకొండు ఇండ్లోళ్ళు ఒప్పుకున్నరు, అది కూడా పత్తి అమ్మినంక కడ్తమన్నరు. ఈలోపల ఆయనే ఫోన్ చేసిండు: "తమ్మీ, నడుమ అడవి ఉన్నది. ఫారెస్టోళ్ళు వైరు కోస్తే నాకు నష్టం. నాతోని కాదు."

ఆఖరికి పంచాయతీ ఆఫీసు. అక్కడికి ప్రభుత్వ ఫైబర్ ఎప్పుడో వచ్చింది. గోడకు తెల్ల డబ్బా ఉంది, దాని మీద దుమ్ము ఉంది, దాని లైటు మాత్రం వెలగది. ఆ ఆఫీసు పని కూడా మొబైల్ హాట్‌స్పాట్ మీదనే నడుస్తది. మా గూడెం సంగతి అడిగితే మళ్ళీ అదే జవాబు. అడవి అడ్డం, పర్మిషన్ రాదు.

మూడు గడపలు, ఒక్కటే మాట. మీరు కూడా ఈ మాట విన్నరు కదా?

ఇప్పుడు మన చుట్టూ ఒకసారి చూడండి. రామగుండం ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఇప్పుడది 2600 మెగావాట్లు. పక్కన తెలంగాణ ప్రాజెక్టు ఇంకో 1600. ఆ కరెంటు హైదరాబాదుకే కాదు, తమిళనాడుకు, కర్ణాటకకు, కేరళకు పోతది. ఆ తీగలు గాలిలో ఎగిరి పోలేదు, మన చెల్కల మీదుగా, మన అడవుల మీదుగనే పోయినయి. ఆ టవర్ల కొన మీద అన్నిటికంటే పైన ఒక సన్నటి తీగ ఉంటది, చూసిండ్రా? పిడుగు పడితే భూమికి దించే తీగ అది. పెద్ద లైన్లల్లో చాలాచోట్ల ఆ తీగ కడుపులోనే ఆప్టికల్ ఫైబర్ ఉంటది. పవర్‌గ్రిడ్ దాని మీదనే టెలికాం వ్యాపారం చేస్తది. అంటే ఇంటర్నెట్ మన దాకా రాక కాదు. మన నెత్తి మీదుగా పోతున్నది, దిగుత లేదు.

సింగరేణి సంగతి మీకు చెప్పేదేముంది. 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. ఆ బొగ్గు కోసం ఓపెన్‌కాస్టులు తవ్వితే ఎంత అడవి పోయిందో గోదావరిఖని నుంచి మణుగూరు దాకా ఏ ముసలవ్వనడిగినా చెప్తది. బొగ్గుకు అడవి భూమి కావాలంటే ఢిల్లీ దాకా ఫైలు నడుస్తది, ఉత్తర్వులు వస్తయి, చెట్లకు నంబర్లు పడతయి. మిషన్ భగీరథ పైపులకు కూడా అడవిలో దారి దొరికింది. ఆ పైపుల కోసం తవ్వినప్పుడే పక్కన టీ-ఫైబర్ కేబులు కోసం గొట్టం వేయాలని రాష్ట్రం ప్లాను కూడా చేసింది. బొగ్గుకు అడ్డం కాని అడవి, కరెంటుకు అడ్డం కాని అడవి, వేలు మందం లేని మా వైరుకే ఎట్ల అడ్డమైంది?

ఇప్పుడు చట్టం సంగతి. అటవీ హక్కుల చట్టం, 2006. మనం దీన్ని పోడు పట్టాల చట్టమని పిలిచి, పట్టా కాగితం కాడనే ఆగిపోయినం. దాంట్లో సెక్షన్ 3(2) తీసి చదవండి. అడవి భూమిలో ఊరికి ఇవ్వదగ్గ 13 సౌకర్యాల లిస్టు ఉంటది. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, ఐదో వరుసలో కరెంటు, టెలికాం లైన్లు. అవును, టెలికాం లైన్లు అని అచ్చులోనే ఉంది, 2006 నుంచి. షరతులు ఇవి: ఒక్కో పనికి పోయే అడవి భూమి ఒక హెక్టారు కంటే తక్కువ ఉండాలె. హెక్టారుకు 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టొద్దు. గ్రామసభ సిఫారసు ఉండాలె. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఏమన్నా సరే, ఇది చెల్లుతదని ఆ సెక్షన్ మొదట్లనే రాసి ఉంది.

లెక్క చేద్దాం. మూడు కిలోమీటర్ల కాలువ, అర మీటరు వెడల్పు. మొత్తం 1500 చదరపు మీటర్లు, అంటే పదిహేను గుంటలు. హెక్టారు అంటే 10 వేల చదరపు మీటర్లు. దాంట్లో ఆరో వంతు కూడా కాదు. బండ్లబాట వెంబడి తవ్వితే ఒక్క చెట్టు కూడా పోదు. ఉన్న కరెంటు స్తంభాల మీద నుంచి గుంజితే ఈ లెక్క కూడా అక్కర లేదు. ఇక దూరం అంటరా? ఇప్పుడు ఇండ్లకిచ్చే ఫైబర్ పద్ధతిలో ఒక్క కేంద్రం నుంచి 20 కిలోమీటర్ల దాకా సిగ్నల్ పోతది. మూడు కిలోమీటర్లు దానికి ఏం దూరం?

ఒక మెలిక ఉంది, దాచను. ఆ సెక్షన్ చెప్పేది ప్రభుత్వం నడిపే సౌకర్యాల గురించి. ప్రైవేటు కంపెనీ వైరుకు అది వర్తించదు. నేను పద్నాలుగు నెలల్లో ఎక్కువ భాగం తప్పు గడప కాడ నిలబడ్డ. కస్టమర్ లెక్క పోయిన, కాబట్టి లాభం లేని కస్టమరని పంపించేసిండ్రు. మనం అడగాల్సింది భారత్‌నెట్‌ను, టీ-ఫైబర్‌ను. అడగాల్సింది గ్రామసభగా.

"మన పెద్దపల్లి జిల్లా ఐదో షెడ్యూల్లో లేదు కదా, మనకేం హక్కు" అని కొందరు చదువుకున్న తమ్ముళ్ళే అంటున్నరు. నిజమే, పాత కరీంనగర్ జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. కాబట్టి 1/70 లేదు, పెసా లేదు. కానీ 2006 చట్టానికి షెడ్యూలుతో పని లేదు. అడవి ఉండాలె, దాని మీద బతికే మనుషులుండాలె, అంతే. ఉన్నం కదా.

ఇంకో మాట మన పెద్దమనుషులది. "భూమి పోతుంటే ఇంటర్నెట్ పోరాటం ఏందిరా? పోరగాండ్లు రీల్స్ చూసుడుకేనా?" చూస్తరు, అబద్ధం ఎందుకు చెప్పాలె. పట్నపు పోరగాండ్లు కూడా చూస్తరు, వాళ్ళ వైరు ఎవరూ కోస్త లేరు. కానీ పెద్దనాయినా, ఇప్పుడు మన భూమి కాగితం ఎక్కడుంది? పోర్టల్లో. డిగ్రీ సీటుకు దరఖాస్తు 2016 నుంచి దోస్త్ అని ఆన్‌లైన్లో. స్కాలర్‌షిప్ ఆన్‌లైన్, గ్రూప్స్ నోటిఫికేషన్ ఆన్‌లైన్. 2023 జనవరి నుంచి ఉపాధి పనికాడ కూడా రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కితేనే హాజరు అన్నరు. గడ్డపార పట్టిన అక్క ఎండలో నిలబడి సిగ్నల్ కోసం చూసే కాలమిది. మా చిన్నమ్మ బిడ్డ సీటు ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజు గోదావరిఖని నెట్ సెంటర్‌కు పోయింది. బస్సు లేటు, సెంటర్ల లైను. రాత్రి పన్నెండుకు పది నిమిషాల ముందు పని అయింది, ఇంటికి రావడానికి బండి లేదు. ఆడపిల్ల, అడవి బాట. ఆ రాత్రి మా చిన్నమ్మ గడపలనే కూసున్నది. భూమి పోరాటం వేరు, ఇది వేరు అని నాకైతే అనిపిస్త లేదు.

కోర్టు కూడా ఈ మాట అన్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనోళ్ళు ఈ-కేవైసీ మీద వేసిన కేసులో, డిజిటల్ అందుబాటు ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. మన గోండు తోబుట్టువుల సంగతి కూడా గుర్తు చేసుకోండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరిలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌కు ఎక్కింది. ప్రపంచంలో ఏ కంప్యూటర్ అయినా ఆ అక్షరాలకు జాగ ఇవ్వాలె. అక్షరాలు ఎక్కినయి, అవి పోయే తొవ్వ మాత్రం మన గూడేలకు పడలేదు.

పైసలు లేవంటరా? 2002 నుంచి టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం గ్రామాల కోసమని ఒక నిధికి పోతున్నది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. మనం చింతచెట్టు కింద వాడే రీచార్జిలో కూడా దాని వాటా ఉంది. ఊరూరికి ఫైబర్ అనే పథకం 2011లో మొదలైంది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి వెయ్యి రోజుల్లో 6 లక్షల ఊళ్ళకు ఫైబర్ అన్నరు. వెయ్యి రోజులు 2023 మేలో అయిపోయినయి. ఆ ఆగస్టులోనే మళ్ళీ 1,39,579 కోట్లతో కొత్త పథకం అన్నరు. ఇటు మన బొగ్గు పైసలు వేరే. వంద రూపాయల బొగ్గుకు 14 రూపాయల రాయల్టీ. పాత లీజుల మీద ఆ రాయల్టీకి 30 శాతం లెక్కన, అంటే 4 రూపాయల 20 పైసలు, జిల్లా ఖనిజ నిధికి రావాలని 2015 నుంచి చట్టం ఉంది. గనుల వల్ల నష్టపోయిన జనం కోసమే ఆ నిధి. మీ మండలంలో ఆ పైసలతో ఏం చేసిండ్రో సమాచార హక్కు కింద అడిగి చూడండి. సీసీ రోడ్డు, ప్రహరీ గోడ కాకుండా ఏమన్నా ఉంటే నాకు రాయండి.

లాభం రాదు అనే మాట మనకొక్కరికే చెప్పిన మాట కాదు. మెక్సికోలో వహాకా కొండల్లో తలేయా దె కాస్త్రో అని ఆదివాసీల ఊరు. జనం తక్కువ, టవర్ పెట్టమన్నయి కంపెనీలు. 2013లో ఊరు సభ పెట్టుకొని సొంత మొబైల్ నెట్‌వర్క్ నిలబెట్టుకున్నది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళు కలిసినయి, 2016లో ఆ దేశ ప్రభుత్వం వాళ్ళ సంఘానికి లైసెన్స్ కూడా ఇచ్చింది. మా ఊళ్ళో మా రాజ్యం అని మనం గోడల మీద రాసుకుంటం. వాళ్ళు దాన్ని స్తంభం మీదికి ఎక్కించిండ్రు. మన చట్టాల్లో అంత సులువు కాదు, తెలుసు. నేను సొంత టవర్ పెట్టుమంటలేను. సభ పెట్టుమంటున్న.

మన జిల్లాలోనే ముత్తారం దిక్కు అడవి శ్రీరాంపూర్ ఉంది. 2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్‌ను మొదట ఇండ్లకిచ్చిన కొన్ని ఊళ్ళల్లో అది ఒకటి. సంతోషం. పేరులోనే అడవి ఉన్న ఊరికి వచ్చిన లైను, అసలు అడవిలో ఉన్నోళ్ళ దాకా ఎందుకు రాదో అడుగుదాం.

ఎట్ల అడగాలంటే ఇట్ల. గ్రామసభ పెట్టండి. సగం మంది సభ్యులు రావాలె, వచ్చినోళ్ళలో మూడో వంతుకు తక్కువ కాకుండా ఆడోళ్ళుండాలె. తీర్మానంలో సెక్షన్ 3(2) అని, టెలికాం లైను అని పేరు పెట్టి రాయండి. ఎన్ని మీటర్ల పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని చెట్లు (సున్నా అయితే సున్నా అని) రాయండి. లైను వేసే ప్రభుత్వ సంస్థ దరఖాస్తు పెట్టుకోవాలని అదే కాగితంలో డిమాండ్ చేయండి, ఒక కాపీ ఆ సంస్థకు, ఒకటి కలెక్టర్‌కు. దీనికి 2009 మే 18న గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ పద్ధతి రాసిచ్చింది. ఫైలు రేంజ్ ఆఫీసర్ నుంచి డీఎఫ్‌ఓకు పోతది. డీఎఫ్‌ఓ కాదంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ తేల్చాలె. నోటి మాటతో "పర్మిషన్ రాదు" అంటే ఊకోకండి, కాదనేది కాగితం మీద రాసియ్యమనండి.

మా సభ వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి, పత్తి ఏరుడుకు పోకముందు. బాట కొలవడానికి టేపు దొరికింది, ముగ్గురు తమ్ముళ్ళు, ఇద్దరు చెల్లెండ్లు శనివారం నాతో వస్తున్నరు. సోమవారం కాగితం పట్టుకొని ఆఫీసుకు పోతం. మీరు కూడా పోయినప్పుడు ఒకటి మరువకండి: ఇన్‌వర్డ్ నంబరు, తారీఖు, ముద్ర మీ కాపీ మీద పడేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలకండి.