ఓడవారి వెలి

విహారనౌకలో రభస చేసిన ప్రయాణికుణ్ణి, "ఇక మీదట నీకు మా ఓడల్లో చోటు లేదు" అని కంపెనీవారు జీవితాంతం వెలివేయవచ్చునా? వేయవచ్చును. వేస్తూనే ఉన్నారు. ఈ విషయం ఎత్తినప్పుడల్లా నాకు రెండు సమాధానాలు వినిపిస్తూ వచ్చాయి. తాగి తన్నుకునేవాడికి అది తగిన శాస్తేనన్నది ఒకటి. ఓడ వాళ్ళ సొత్తు, ఎవరిని ఎక్కించుకోవాలో వాళ్ళ ఇష్టమన్నది రెండవది. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండవదాన్ని మాత్రం ఒట్టి సోమరి మాటగా భావిస్తాను. ఆ మాట అలవోకగా అనేవారిలో నేను గౌరవించే మిత్రులు ఉన్నారు కనుకనే ఇంత పొడుగు టపా రాయవలసి వస్తున్నది.

ముందుగా పేచీ లేని భాగం. 2018 ఫిబ్రవరిలో కార్నివాల్ లెజెండ్ అనే నౌక మెల్బోర్న్ నుంచి పది రోజుల పసిఫిక్ యాత్రకు బయలుదేరింది. ఆ యాత్రలో రోజుల తరబడి కొట్లాటలు జరిగాయి. జనం భయపడి గదుల్లో గడియలు పెట్టుకుని కూర్చున్నారు. చివరకు ఒకే కుటుంబానికి చెందిన 23 మంది న్యూ సౌత్ వేల్స్ తీరాన ఈడెన్ దగ్గర, పోలీసులు వచ్చాక, ఓడ దిగిపోవలసి వచ్చింది. మిగిలిన ప్రయాణికులకు కంపెనీవారు ప్రకటించిన ఊరట ఏమిటంటే, మరో యాత్రకు 25 శాతం రాయితీ! పెళ్ళిభోజనంలో రాయి తగిలి పన్ను విరిగినవాడికి ఇంకో పెళ్ళి శుభలేఖ అందించినట్టుంది.

బస్సులో రౌడీ ఎక్కితే తరువాతి స్టాపులో మనమైనా దిగిపోవచ్చు. నడిసముద్రంలో ఎక్కడికి దిగుతాం? ప్రయాణికుడి సంగతి అలా ఉంచండి. గదులు ఊడ్చేవారు, పళ్ళేలు మోసేవారు, ఫిలిప్పీన్స్ నుంచీ ఇండొనేషియా నుంచీ మన దేశం నుంచీ వెళ్ళి నెలల తరబడి ఇంటి మొహం చూడకుండా పనిచేసేవారు, చెయ్యి చేసుకున్నవాడికి ఎదురు సమాధానం చెప్పలేరు. అటువంటివాణ్ణి మళ్ళీ వాళ్ళ మధ్యకు పంపకపోవడం కంపెనీ హక్కు మాత్రమే అంటే చాలదు, అది వారి బాధ్యత. 2019 జనవరిలో నసావు రేవులో ఆగి ఉన్న సింఫనీ ఆఫ్ ద సీస్ పదకొండో అంతస్తు నుంచి నీళ్ళలోకి దూకి, ఆ వీడియోను లోకానికి చూపించుకున్న యువకుణ్ణి రాయల్ కరీబియన్ వారు జీవితాంతం రావద్దన్నారు. అదే ఏడు అక్టోబరులో అల్యూర్ ఆఫ్ ద సీస్ వసారా కమ్మీ మీదకెక్కి ఫొటో దిగిన స్త్రీనీ జమైకాలో దింపి, అదే మాట చెప్పారు. ఆమె జారి ఉంటే, వెతుకులాటకు ఎందరి ప్రాణాలు పణంగా పెట్టవలసి వచ్చేదో! నాకు ఈ రెండింటిలోనూ అన్యాయం కనిపించలేదు.

మరి ఆ వలలో ఇంకెవరు పడుతున్నారు? 2023 ఆగస్టులో ఒక అమెరికన్ స్త్రీ మయామీలో కార్నివాల్ ఓడ ఎక్కబోతుండగా ఆమె సంచీలో నిద్రకోసం తెచ్చుకున్న సీబీడీ మిఠాయిబిళ్ళలు దొరికాయి. గంజాయి జాతి మొక్క నుంచి తీసినదే గాని మత్తు కోసం వాడేది కాదు. ఓడలో అది నిషిద్ధమన్నది కంపెనీ నియమం. నియమం ప్రకారం బిళ్ళలు పారేయించవచ్చు, ఆ పూటకు ఓడ ఎక్కనివ్వకపోనూవచ్చు. వారు అంతటితో ఆగక జీవితాంతం నిషేధిస్తూ ఉత్తరం చేతికిచ్చారు. ఆమె ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఇంకా వెనక్కు, 2008లో, మాటిమాటికీ ఫిర్యాదులు చేస్తున్నారని ఒక దంపతులను రాయల్ కరీబియన్ వారు ఇక రావద్దన్నట్టు వార్తలు వచ్చాయి. కొట్టినవాడూ, బిళ్ళలు తెచ్చుకున్నావిడా, నోరున్న ముసలాయనా ఒకే చిట్టాలో!

ఇది కొత్త రోగమేమీ కాదు. అమెరికా న్యాయశాస్త్రంలో ఈ హక్కుకు మూలంగా చూపే వ్యాజ్యాల్లో 1835 నాటి జెంక్స్-కోల్‌మన్ వ్యాజ్యం ఒకటి. ఓడలో అల్లరి చేసేవారిని, నియమాలు పాటించనివారిని, మోటుగా ప్రవర్తించేవారిని, చివరకు నడవడి అనుమానాస్పదంగా ఉన్నవారిని కూడా ఎక్కించుకోనక్కరలేదని న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ జ్యూరీకి వివరించాడు. కంపెనీల తరఫున ఇంతవరకే చెబుతారు. ఇంతకూ ఆ జెంక్స్ ఏం అల్లరి చేశాడు? ఏమీ చేయలేదు. అతడు ఒక గుర్రబ్బళ్ళ కంపెనీ ఏజెంటు. స్టీమరువారికి వేరే బళ్ళ కంపెనీతో ఒప్పందం ఉంది. ఇతడు ఓడెక్కి తన బళ్ళకు బేరాలు మాట్లాడుకుంటున్నాడని వాళ్ళ కడుపుమంట. యజమాని వ్యాపారానికి అడ్డుపడేవాణ్ణి కూడా నిరాకరించవచ్చునని స్టోరీ అన్నాడు. తాగుబోతుల పేరు చెప్పి స్థిరపరచిన హక్కును మొదటి రోజునే పోటీవ్యాపారి మీద వాడారన్నమాట. ఫిర్యాదుల దంపతులు గుర్తొస్తున్నారా?

"ఇష్టం లేకపోతే ఇంకో కంపెనీ ఓడెక్కు" అంటారు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, క్యూనార్డ్, కోస్టా అన్నీ కార్నివాల్ కార్పొరేషన్‌వే. సెలెబ్రిటీ, సిల్వర్‌సీ రాయల్ కరీబియన్ గుంపులోవి. ఓషియానియా, రీజెంట్ నార్వీజియన్‌వారివి. పైకి డజను పేర్లు, లోపల మూడు గల్లాపెట్టెలు. ఒక పేరుతో పడిన వెలి మిగతా పేర్లకు పాకించాలా వద్దా అన్నది గల్లాపెట్టె యజమాని చిత్తం.

"టికెట్టు మీద రాసే ఉంది గదా" అన్నది ఇంకో వాదం. రాసే ఉంటుంది, చీమతలకాయలంత అక్షరాల్లో. 1991లో అమెరికా సుప్రీం కోర్టు కార్నివాల్-షూట్ తీర్పులో ఆ అక్షరాలకు ఎంత బలముందో చూపించింది. వాషింగ్టన్ రాష్ట్రపు ప్రయాణికురాలు మెక్సికో తీరాన ఓడలో జారిపడితే, దావా మాత్రం దేశానికి ఆ చివరనున్న ఫ్లోరిడాలోనే వెయ్యాలి, టికెట్టులో అలా ఉంది గనుక! అటువంటి కాగితాన్ని ఇద్దరు సమానుల మధ్య ఒప్పందమనడం నాకు చేతకాదు.

ఇక మద్యం. కార్నివాల్ వారు ఏళ్ళ తరబడి అమ్ముతూ వచ్చిన పానీయాల ప్యాకేజీలో 24 గంటలకు 15 మద్యపానీయాలు పరిమితి. పరిమితి అన్నది వారి మాట. పదిహేను గ్లాసులు అమ్మి లాభం తీసుకున్నవాడే, పదహారో ఘడియలో తూలినవాడికి నడవడి గురించి తీర్పు చెబుతాడు. లెజెండ్ ఓడలోనైతే కంపెనీ రక్షకభటులు కూడా జనాన్ని కాలితో తన్నుతున్న దృశ్యాలు బయటికొచ్చాయి. తగాదాలో ఒక పక్షం, సాక్షి, న్యాయమూర్తి, ముగ్గురూ ఒకరే.

వెలి అన్న మాటను నేను అతిశయోక్తికి వాడటం లేదు. మన దేశంలో ఒకప్పుడు ఓడ ఎక్కినందుకే వెలి. 1888లో ఇంగ్లండు ప్రయాణమవుతున్న 18 ఏళ్ళ గాంధీని బొంబాయిలో మోఢ్ బనియా కులపెద్దలు సభకు పిలిపించారు. ఎందుకు వెళ్తున్నావని అడిగారు, అతడి జవాబు విన్నారు, వినీ కులం నుంచి వెలివేశారు. సాయం చేసినవాడికీ, సాగనంపడానికి వెళ్ళినవాడికీ రూపాయి పావలా జరిమానా అన్నారు. మూర్ఖపు తీర్పే. అయినా పిలిచారు, కారణం ముఖాన చెప్పారు. తిరిగివచ్చాక నాసిక్‌లో స్నానం చేయించి, రాజకోటలో కులానికి విందు పెట్టిస్తే ఒక వర్గం లోపలికి రానిచ్చింది కూడా. జీవితాంతమన్న ఓడవారి వెలికి ఆపాటి ప్రాయశ్చిత్తమైనా లేదు.

విమానాల విషయంలో మనవాళ్ళు ఒక దారి వేశారు. 2017 జూన్‌లో విశాఖ విమానాశ్రయానికి ఆలస్యంగా వచ్చి, బోర్డింగ్ పాసు ఇవ్వలేదని ప్రింటరు విసిరారన్న ఆరోపణ మీద అప్పటి అనంతపురం ఎంపీ జె.సి. దివాకర్ రెడ్డిని ఇండిగోతో పాటు మరికొన్ని కంపెనీలు నిషేధించాయి. కొన్ని వారాలకే ఎత్తివేశాయి. నియమం లేనిచోట పెద్దవాడి నిషేధం వారాల్లో కరుగుతుంది, చిన్నవాడిది కరగదు. ఆ సెప్టెంబరులో డీజీసీఏ వారు నియమాలు తెచ్చారు. నోటి దురుసుకు మూడు నెలల దాకా, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదకు తెస్తే కనీసం రెండేళ్ళు. తేల్చేది విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన ఉన్న సంఘం. అందులో వేరే విమాన కంపెనీ మనిషి, ప్రయాణికుల తరఫు మనిషి కూడా ఉండాలి. 30 రోజుల్లో తేల్చాలి. ఆపైన అప్పీలు. 2020లో కునాల్ కామ్రాకు ఇండిగో వేసిన ఆరు నెలలను ఆ సంఘమే మూడుకు తగ్గించింది. (ఆయన ఎక్కనే ఎక్కని విమానాల కంపెనీలు కూడా అప్పుడు ఉత్సాహంగా నిషేధించాయి. మంద లక్షణం!) లోపాలున్న పద్ధతే, కాని పద్ధతంటూ ఉంది.

ఓడల మీద పరదేశపు జెండా ఎగురుతుంది గనుక చట్టం అంటదంటారా? ఆ ఓడల్లో చాలావాటిపై బహామాస్, పనామా జెండాలే ఉంటాయి, నిజమే. కాని వికలాంగుల హక్కుల చట్టం తమ రేవులకు వచ్చే పరదేశపు జెండా ఓడలకూ వర్తిస్తుందని 2005లో, నార్వీజియన్ కంపెనీ మీద వేసిన స్పెక్టర్ వ్యాజ్యంలో, అమెరికా సుప్రీం కోర్టు చెప్పనే చెప్పింది. రేవు ఎవరిదో వారికి కొంత మాట చెల్లుతుంది.

మనకూ ఇప్పుడు రేవులున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖ నుంచి యాత్రలు నడిపింది. 2023 సెప్టెంబరులో అక్కడ విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. ఆ ఎంప్రెస్ ఒకప్పుడు రాయల్ కరీబియన్ వారి ఓడే. ఓడతో పాటు వారి అలవాట్లు కూడా మనకు దిగుమతి కానక్కరలేదు. నౌకాయాన డైరెక్టరేటు జనరల్ వారు విమానాల నియమాలు ముందు పెట్టుకుని, విమానం అన్నచోటల్లా ఓడ అని దిద్దుకుంటే సగం పని పూర్తవుతుంది. నడిసముద్రంలో కెప్టెనుకు ఉండవలసిన తక్షణాధికారాన్నీ, ఒడ్డుకు చేరాక ఆఫీసులో కూర్చుని కంపెనీ వేసే శిక్షనూ విడదీసి రాయడం మిగతా సగం. మొదటిదానికి నేను ఏ అడ్డూ చెప్పను.