గురక నడుమ నిశ్శబ్దం

మన ఇళ్లలో అబ్బాజాన్ గురక ఒక నవ్వులాట. పిల్లలు దానిని అనుకరిస్తారు. అమ్మీజాన్ దిండు తీసుకొని పక్కగదికి వెళుతుంది. ఆయన ఫజ్ర్ అజాన్‌కు లేవలేకపోతే మాత్రం నవ్వు ఆగి నిష్ఠూరం మొదలవుతుంది. బద్ధకమంటాము, ఈమాన్ సన్నగిల్లిందంటాము. ఇలా అన్నవారిలో మేమూ ఉన్నాము. అంత పెద్ద గురక ఒక్కసారిగా ఆగిపోయి, కొన్ని క్షణాల తరువాత ఆయన ఉలిక్కిపడి ఊపిరి పీల్చుకోవడం గమనించారా? ఆ నిశ్శబ్దమే ఈ నెల మా విషయం.

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే వైద్యులు దానిని లెక్కలోకి తీసుకుంటారు. ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 30 సార్లు జరిగితే వ్యాధి తీవ్రమైనట్లే. ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు పడిపోయి, మళ్లీ పెరుగుతుంది.

శరీరపు బరువులో మెదడు వంతు సుమారు 2 శాతమే. ప్రాణవాయువులో దాని వంతు మాత్రం దాదాపు 20 శాతం. ఆ మెదడుకు అల్లాహ్ ప్రత్యేకంగా కాపలా కణాలను నియమించాడు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో హోర్తేగా వీటిని వేరుగా గుర్తించి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. సన్నని కొమ్మలవంటి చేతులు చాచి నాడీకణాలను నిరంతరం తడిమి చూడడం, చెత్తను ఊడ్చివేయడం, సూక్ష్మక్రిములను మింగివేయడం వీటి పని.

కణాలలో హిఫ్-1 అనే ప్రోటీను ఉంటుంది. ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నంతవరకు దానిలో ఒక భాగం తయారైన కొద్దీ నాశనమవుతూ ఉంటుంది. కొరత ఏర్పడితే అది నిలిచి, కణకేంద్రకంలో చేరి, జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ మర్మాన్ని విప్పిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి లభించింది. దానికి తోడు ఎన్‌ఎఫ్-కప్పాబి అనే మరొక ప్రోటీను వాపు జన్యువులను తెరుస్తుంది. అప్పుడు మైక్రోగ్లియా కొమ్మలు ముడుచుకొని గుండ్రబడి, టిఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి వాపు రసాయనాలను వెదజల్లుతుంది. ఒకనాటి గాయానికైతే ఇది మేలే. ప్రతి రాత్రీ, ఏళ్ల తరబడి సాగితే? దొంగ లేని ఇంట్లో కాపలావాడు కర్ర తిప్పినట్లు, దెబ్బలు ఇంటివారికే తగులుతాయి. ఎలుకలను విడతలు విడతలుగా ప్రాణవాయువు కొరతకు గురిచేసినపుడు వాటి మైక్రోగ్లియాలో వాపు జన్యువులు చురుకెక్కినట్లు పరిశోధకులు చూశారు.

పగటి కునుకుపాటు, ఉదయపు తలనొప్పి, మతిమరుపు, చిరాకు ఈ వ్యాధి లక్షణాలు. అన్‌నబా సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాల వరుసలో చేర్చిన నిద్ర ఈ మనిషికి దక్కడం లేదు. ఆయన్ను నిందించి ఏమి లాభం? అటువంటి వ్యక్తి బండి నడపడం కూడా ప్రమాదమే.

చికిత్స ఉంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి చాలు. కుడిపక్కకు తిరిగి పడుకొనే సున్నత్ మనకు ఎలాగూ ఉంది. వైద్యుని అడగకుండా నిద్రమాత్రలు వేసుకోరాదు. కొన్ని శ్వాసను మరింత అణచివేస్తాయి. తీవ్రమైన వ్యాధికి గాలి ఒత్తిడితో గొంతును తెరచి ఉంచే సీప్యాప్ యంత్రం వాడతారు. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ 1981లో దానిని లోకానికి పరిచయం చేశాడు. పిల్లలు గురకపెడితే టాన్సిల్స్, అడినాయిడ్స్ చూపించాలి.

నిద్రపోయేవానికి తన ఊపిరి ఆగిన సంగతి తెలియదు. ఆ సాక్ష్యం భార్యదే. కనుక వైద్యుని వద్దకు ఆమెను వెంట తీసుకువెళ్లండి. రాత్రి ఫోనులో తీసిన రెండు నిమిషాల వీడియో కూడా చూపించండి.