పాటకు సగపాలు

ఒకే పాట యుదయమున రేడియోలోను, మధ్యాహ్నమున హోటలులోను, సాయంకాలమున పెండ్లిపందిరిలోను, రాత్రి చేతిఫోనులోను వినబడుచున్నది. వినబడిన చోటనెల్ల దానివలన ఎవరో యొకరు సొమ్ము గడించుచునే యున్నారు. అందులో పాట వ్రాసిన కవికిని, బాణీ కట్టిన సంగీతదర్శకునికిని చేరున దెంత? ఈ ప్రశ్నను ఫిల్మ్‌నగరులో నొక కవిగారిని మేమడుగగా ఆయన నవ్వి, పాటకు ముట్టినది ముట్టినది, తరువాతి మాట మాకు తెలియదనిరి. ఆ 'తరువాతి మాట'యే యిచ్చట మాకు ప్రస్తుతము.

1957 నాటి కాపీరైటు చట్టము క్రింద, వేరు ఒప్పందము లేనప్పుడు, ప్రతిఫలమిచ్చి చిత్రమునకై వ్రాయించుకొన్న పాటకు నిర్మాతయే తొలి యజమాని యగునని 1977లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. కవి పుచ్చుకొన్న రొక్కముతో లెక్క ముగిసెను. గాయకుని కంఠమునకు చట్టమున చోటే లేకపోవుటనుగూర్చి జస్టిస్ కృష్ణయ్యరుగారు ఆ తీర్పునందే ప్రత్యేకముగా విచారము వెలిబుచ్చిరి. గాయకునకు 1994 సవరణతో గాని హక్కు రాలేదు. కవియు సంగీతకర్తయు 2012 దాక వేచియుండవలసివచ్చినది. ఆ సవరణకై రాజ్యసభలో వాదించినవారిలో కవి జావేద్ అఖ్తరుగారొకరు.

2012 జూన్ 21న అమలులోనికి వచ్చిన యా సవరణలో ముఖ్యమైన దిది. సినిమాహాలులో చిత్రముతోపాటు వినిపించుట తప్ప, పాటయొక్క తక్కిన ప్రతి వినియోగమునకును వచ్చు రాయల్టీలో రచయితలకు, హక్కు కొన్నవారితో సమానముగా భాగము కలదు. ఆ భాగమును వదలుకొంటినని కవి సంతకము చేసినను ఆ సంతకము చెల్లదు. తన వారసులకు గాని, కాపీరైటు సంఘమునకు గాని తప్ప అన్యులకు దానిని వ్రాసియిచ్చుటకు వీలు లేదు. సగపాలు సేద్యము నెరిగిన మన పాఠకులకు దీనిని వేరుగా బోధింపనక్కరలేదు. భూమి యొకనిది, కష్ట మొకనిది, కళ్లములో ధాన్యము చెరిసగము.

ఇక కొలత మాట. సాహిత్యమునకును బాణీకిని రావలసిన సొమ్మును వసూలుచేయు సంఘము 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. హోటళ్లు, కచేరీలు, ప్రసారసంస్థలు, ఫోనులలో పాటలు వినిపించు కంపెనీలు దీనికి లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ఒక చిత్రగీతమునకు 100 రూపాయలు వచ్చినవనుకొందము. 50 హక్కుదారునికి, 25 కవికి, 25 సంగీతకర్తకు. గాయకుని భాగము వేరు. దానికి 2013లో వేరొక సంఘ మేర్పడినది.

అయితే ఆ 100 ఎట్లు వచ్చును? రేడియో సంగతి చూడుడు. ముద్రితధ్వనికి ఎఫ్.ఎం. కేంద్రము లీయవలసిన సొమ్మును 2010 ఆగస్టు 25న కాపీరైటు బోర్డు, వాని నికర ప్రకటనాదాయములో నూటికి 2 వంతున నిర్ణయించెను. ఆ రేటు నడచిన 2020 వరకు, నెలకు కోటి రూపాయల ప్రకటన లున్న కేంద్రము 2 లక్షలు తీసి వేరుగా నుంచవలసియుండెను. వినిపించిన సంగీతములో పదియవ వంతు ఒక కంపెనీదైనచో దానికి 20 వేలు. ఇది కంపెనీ భాగము. మరి కవికి? ముద్రితధ్వనికి చెల్లించితిమి గదా, కవికి మరల నేల చెల్లింపవలెనని రేడియోవారు చిరకాలము వాదించిరి. 2020 డిసెంబరు 31న అప్పటి అప్పీళ్ల బోర్డు సాహిత్యసంగీతములకు వేరుగా రేటు కట్టినది. 2023 ఏప్రిల్ 28న బొంబాయి హైకోర్టు రేడియోవారి వాదమును త్రోసిపుచ్చినది.

ఫోను వ్యవహారము మరింత చిత్రమైనది. అక్కడ ఒక్కొక్క వినికిడికి స్థిరమైన ధర లేదు. నెలలో వచ్చిన చందాలలోను ప్రకటనలలోను కొంత భాగము తీసి, ఆ నెలలో జరిగిన సమస్తమైన వినికిడులపై పంచుట సాధారణ పద్ధతి. అందుచేత మన పాటను లక్షమంది విన్నను, ఇతర భాషల పాటలను కోట్లమంది విన్న నెలలో మన వంతు పలుచబడును.

ఈ లెక్క లన్నియు పేరుమీద నడచును. ఏ పాట ఎన్నిసార్లు మ్రోగినదో తెలుపు చిట్టాలో పాటపేరు చేరును. ఆ పాట యెవరిదో సంఘముయొక్క పుస్తకములో నుండవలెను. రెండును కలిసిననే డబ్బు కదలును. మన పల్లవిని ఆంగ్లలిపిలో నలుగురు నాలుగు విధముల వ్రాయుదురు. చిత్రముపేరు, నటునిపేరు పెద్దయక్షరములలో వేసి కవిపేరు మరచిపోవుట మనకు కొత్త కాదు. కళ్లములో కొలత జరుగునపుడు పాలికాపు పేరే పిలువబడకున్నచో, సగపాలు చట్టములో నున్న నేమి లాభము? ఫిల్మ్‌నగరులో కవి పోగొట్టుకొనుచున్నది కోర్టులో కాదు, చిట్టాలోనని మా నిశ్చయము.

కోట్లు వెచ్చించి నష్టమునకు నిలబడునది మేమే గదా యని నిర్మాతలందురు. నిజమే. అందుకే చట్టము సినిమాహాలు రాబడిని వారికే విడిచినది. 2017లో ఇళయరాజాగారు బాలసుబ్రహ్మణ్యముగారికి నోటీసు పంపినపుడు తెలుగునాడంతయు దానిని మిత్రుల కలహముగా చెప్పుకొని బాధపడెనే గాని, కచేరీ టిక్కెట్లమ్మిన నిర్వాహకుడు లైసెన్సు తీసికొనవలదాయని యడిగినవారు అరుదు. కూర్పుహక్కు రచయిత మరణానంతరము 60 ఏండ్లు జీవించును. 1974లో గతించిన ఘంటసాలవారి బాణీలకు 2034 చివరిదాక గడువున్నది. ఆ గడువులో ఎన్ని యేండ్లు వారసులు లేనిదానివలె గడచినవో!

చిత్రముల పేర్లు ఒకదానితో నొకటి తగులుకొనకుండ నమోదుచేయు వ్యవస్థ మన చిత్రసీమలో నున్నది. పాటలకు దానిని వర్తింపజేయుటకు అడ్డమేమి? పాట బయటికి రాకమునుపే పల్లవి, చిత్రము, కవి, సంగీతకర్త, గాయకుల పేర్లును, ఆంగ్లలిపిలో నొక్కటే వ్రాతయు గల పట్టికపై నిర్మాతయు కంపెనీయు సంతకముచేసి, ఒక ప్రతిని ఫిల్మ్ ఛాంబరునందును, ఒక ప్రతిని రచయితలకును, ఒక ప్రతిని వసూలు సంఘమునకును అందజేయవలెను. సంతకము లేని పాటకు విడుదల లేదని ఛాంబరు ఒక్క తీర్మానము చేయవచ్చును. కవులును తమవంతుగా సంఘములో సభ్యులై తమ పాటలజాబితాను ఇప్పుడే యప్పగింపవలెను. గతించినవారి బిడ్డలు వారసత్వపత్రములతో ఆ పనికే పూనుకొనవలెను. ఇందుకు కావలసినది న్యాయవాది కాదు, ఒక గుమాస్తా.