కూటమి వీడియో ఆటలు

సంధ్యవేళ శాంతిపురము రచ్చబండ కడ నలుగురు యువకులు చేరి, ఒకరి మొగ మొకరు చూడక, ఫోనులలోనికి చూచుచు "నన్ను లేపుము, లేపుము" అని కేకలు వేయుట పెద్దలకు వింతగా నుండును. చెవులు పట్టి లేపవలెనని తోచుటయు సహజమే. కాని యా కేకలో నేమున్నదో విచారింపక నిందించుట న్యాయము కాదు.

పబ్జీ యను ఆటలో నూర్గురు వఱకు నొక దీవిలో దిగుదురు. నలుగురేసి యొక దండు. కూలిన తోడివానిని లేపుటకు మిగిలినవాడు శత్రువుల గురికి లోబడి, కొన్ని క్షణములు వాని ప్రక్కనే నిలువవలెను. తన తూటాలను, మందుకట్టును పంచి యీయవలెను. ఎదుటివాడు పట్టువడగా ఔటయిన తనవాడు మరల బరిలోనికి వచ్చు చెడుగుడు నెరిగిన మనకు ఈ రుచి క్రొత్తది కాదు. కుప్పమున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోయినవాడు రాత్రివేళ ఊరి స్నేహితులతో మాటలాడుచు ఆడుకొనుటకు ఇదియే త్రోవ యైనచో, దానిని దుర్వ్యసన మని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు.

అయితే కట్టియుంచునదియు నీ స్నేహమే. ఒంటరిగా నాడువాడు విసుగుపుట్టిన లేచిపోవును. దండులోనివాడు నడుమ లేచిన ద్రోహి యగును. వర్తకు లీ బంధమును చక్కగా నెరుగుదురు. తోడివాడు ధరించిన బొమ్మకోక తనకును కావలెనని బాలుడు తండ్రిని పీడించును. 2021 జూలైలో 'బాటిల్ గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' పేర ఈ ఆట మరల వచ్చినపుడు, 18 ఏండ్లు నిండనివారికి దినమునకు 3 గంటల ఆటయు, 7,000 రూపాయల వ్యయమును హద్దుగా నుంచిరి. పట్టుగూళ్ల ధర కై యెదురుచూచు రైతు ఇంట దినమునకు 7,000 రూపాయలు హద్దట! ముక్కు మొగ మెరుగనివారు దండులో చేరి పలుకు బూతులకు ఆ హద్దును లేదు.

ప్రభుత్వము 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినపుడు చూపిన కారణము దేశభద్రత. బాలుర నిద్ర కాదు. 2022 జూలైలో క్రొత్త ఆటయు తొలగింపబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము పందెపు టాటలను నిషేధించినది. పందెము లేని ఆటల జోలికి పోలేదు. లాభము కొరియా కంపెనీకి పోవుచున్నదని వగచువారికి 2024లో పూనావారు తెచ్చిన 'ఇండస్' కలదు. కాని స్వదేశపు ముద్ర పడినంత మాత్రమున తెల్లవార్లు మేల్కొలుపు వస్తువు ఆరోగ్యకర మగునా? అతిగా నాడుటవలన కలుగు వికారమును ప్రపంచారోగ్య సంస్థ రోగముల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022లో అమలునకు వచ్చినది.

ఇక భారము ఇంటిదే. తల్లిదండ్రు లొకనాడు ప్రక్కన కూర్చుండి ఆట పూర్తిగా చూతురు గాక. ఒక్కొక్క పోరు సుమారు అరగంట సాగును. గడియారము చూచి నడుమ పిలిచినచో, బాలుడు ముగ్గురిని విడిచి రాజాలక తల్లిమాట త్రోయును. కావున గంటల లెక్క మాని పోరుల లెక్క పెట్టవలెను: నేటికి రెండే, పరీక్షల నాళ్లలో అదియు లేదు అని దండులోని నాలుగిండ్లవారును ఒక్క మాటపై నుండవలెను. పాఠశాలల మైదానములను సాయంత్రము తాళము వేయక, దీపము పెట్టి, బంతి నిచ్చుటకు పంచాయతీలు పూనుకొనవలెను.