ఆదివారం నాటి సెరంగూన్ రోడ్డు

మల్లెపూల దండలు, పొగలు కక్కే సాంబారు, గుడిగంటలు, నగల దుకాణాలు... ఏ మధురైలోనో ఉన్నట్టే ఉంటుంది. కానీ అది సింగపూర్. పేరు లిటిల్ ఇండియా. అక్కడికొచ్చే భారతీయుల్లో చాలామంది కాపురముండేది ఆ వీధుల్లో కాదు. అయినా ఆదివారం సాయంత్రమైతే చాలు, అడుగు తీసి అడుగు వేయడానికి సందుండదు!

2003లో మొదలైన మెట్రో స్టేషన్లో రైలు దిగి పైకొస్తే ఎదురయ్యేది బఫెలో రోడ్డు. ఒకవైపు పూలదండలు, మరోవైపు అరటి ఆకులు, ములక్కాడలు, కొబ్బరికాయలు. ఇన్ని కనిపిస్తాయి కానీ పేరులో ఉన్న గేదె మాత్రం ఎక్కడా కనిపించదు. మరి ఆ పేరెలా వచ్చింది?

గేదెల కొట్టాలే మొదలు

ఆ పక్క వీధి పేరు కెర్బావ్ రోడ్డు. మలయ్ భాషలో కెర్బావ్ అంటే గేదే! 19వ శతాబ్దంలో ఇదంతా పశువుల మేత భూమి. దగ్గర్లోనే నీళ్లు, కావలసినంత గడ్డి. పాలకీ మాంసానికీ బండి లాగడానికీ పశువులు కావాలి కాబట్టి వ్యాపారం జోరుగా సాగింది. కలకత్తా నుంచి వచ్చిన పశువుల వ్యాపారి బెలిలియోస్ పేరు మీద ఇప్పటికీ ఒక వీధి ఉంది. పక్కనే 1840ల నుంచి 1933 దాకా గుర్రప్పందేలు జరిగేవి. రేస్ కోర్స్ రోడ్డుకు ఆ పేరు అలా వచ్చిందే. పశువుల దగ్గరా గుర్రాల దగ్గరా పనికి భారతీయులు వచ్చారు. వాళ్ల వెనకాలే కిరాణా కొట్లు, భోజన హోటళ్లు, గుళ్లు, మసీదులూ వచ్చాయి.

ఊరు పెరిగింది, కొట్టాలు పోయాయి. దుకాణాలు మాత్రం మిగిలాయి. కెర్బావ్ రోడ్డులో రంగురంగుల కిటికీలతో ఫొటోల కోసం అందర్నీ ఆపే ఇల్లొకటుంది. అది భారతీయులది కాదు, తాన్ తెంగ్ నియా అనే చైనా మిఠాయి వ్యాపారి 1900లో కట్టించుకున్నది.

టెక్కాలో కూరలు, ఆకులో భోజనం

వంటింటి సామానుకు అందరూ వెళ్లేది టెక్కా మార్కెట్‌కే. ఇప్పుడున్న భవనాన్ని 1982లో తెరిచారు. కింది అంతస్తులో చేపలు, వేటమాంసం, కరివేపాకు, అరటిపువ్వు. ఆ పక్కనే బిర్యానీ, పరోటా, దోసెల అంగళ్లు. పైఅంతస్తులో చీరలు, చుడీదార్లు, కుట్టుమిషన్ల చప్పుడు. మన పరోటాని అక్కడ ‘ప్రాటా’ అంటారు. పొద్దున్నే కూరలో ముంచుకుని తినడానికి చైనీయులు, మలయ్‌లు కూడా వరసలో నిలబడతారు.

శాకాహారులకు సెరంగూన్ రోడ్డులోని కోమల విలాస్ పాత చిరునామా. 1947లో మొదలైన హోటలిది. మాంసాహారులు రేస్ కోర్స్ రోడ్డుకు వెళ్లి అరటి ఆకు ముందు కూర్చుంటారు. అక్కడి ప్రత్యేకత చేప తలకాయ కూర. 1950 ప్రాంతంలో గోమెజ్ అనే కేరళ వంటవాడు దీన్ని సింగపూర్‌లో మొదలుపెట్టాడని చెబుతారు. చేప తలను ఇష్టంగా తినే చైనీయుల కోసం మన చింతపండు పులుసు, కారం కలిపి వండాడట. అంటే భారతీయ కూరే, కానీ పుట్టింది మాత్రం సింగపూర్‌లో!

ఇక కొనుగోళ్లంటే ముస్తఫా సెంటర్. బియ్యం బస్తా నుంచి బంగారు గొలుసు దాకా, సూట్‌కేసు నుంచి సెల్‌ఫోన్ దాకా అన్నీ ఒకేచోట. సింగపూర్ చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు తిరుగు ప్రయాణానికి ముందు ఇక్కడ ఒక పూట గడపాల్సిందే.

ఉగాది పచ్చడి అక్కడా...

సెరంగూన్ రోడ్డులో కాసేపు నడిస్తే వీరమాకాళియమ్మన్ ఆలయం, ఇంకాస్త ముందుకెళితే శ్రీనివాస పెరుమాళ్ ఆలయం. రెండోది 1855 నాటిది. తైపూసం నాడు పాలబిందెలు, కావళ్లు మోసే భక్తుల ఊరేగింపు బయలుదేరేది ఇక్కణ్నుంచే. వేంకటేశ్వరుడున్న చోటికి తెలుగువాళ్లు రాకుండా ఉంటారా? 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం ఉగాది వేడుకలు ఈ గుడిలోనూ జరిగాయి. దగ్గర్లోనే అబ్దుల్ గఫూర్ మసీదు, చర్చి, బౌద్ధాలయం. అన్నీ నడిచి చూడగలిగేంత దూరంలోనే.

ఇంతకీ ఈ పేట ఎవరిది?

‘లిటిల్ ఇండియా’ అన్న పేరు 1980ల్లో పర్యటకుల కోసం బాగా ప్రచారంలోకి వచ్చింది. పాత కట్టడాలను కూల్చకుండా 1989లో దీన్ని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అదే ఏడాది ఇంకో మార్పూ వచ్చింది. ప్రభుత్వ ఫ్లాట్లలో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండాలో పరిమితి పెట్టారు. అందుకే అక్కడి భారతీయులు ఒక్కచోట కాకుండా ఊరంతా ఉంటారు. పండక్కి, పెళ్లి బట్టలకు, పూజసామగ్రికి ఇక్కడికి వస్తారు.

మరి వారం వారం ఈ వీధుల్ని నింపేదెవరు? ఊరి అంచుల్లోని వసతిగృహాల్లో ఉండే కార్మికులు. తమిళనాడు, బంగ్లాదేశ్, ఆంధ్రప్రదేశ్... ఎక్కడెక్కడినుంచో వెళ్లి భవనాలు కట్టేవాళ్లు, ఓడల మరమ్మతు చేసేవాళ్లు. వాళ్లకి ఆదివారమే సెలవు. ఇంటికి డబ్బు పంపాలి, క్షవరం చేయించుకోవాలి, ఊరివాళ్లను కలవాలి, కడుపునిండా సొంతవంట రుచి చూడాలి. అన్నిటికీ ఒకటే చోటు!

ఆ ఆదివారాలకూ కష్టాలొచ్చాయి. 2013 డిసెంబరు 8న రేస్ కోర్స్ రోడ్డులో బస్సు కిందపడి ఒక తమిళ కార్మికుడు చనిపోవడంతో అల్లర్లు చెలరేగాయి. నలభై ఏళ్లకు పైగా అలాంటిది ఎరగని సింగపూర్ ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఈ పేటలో మద్యంపై ఆంక్షలు పెట్టారు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు వసతిగృహాల్లోని కార్మికులు నెలల తరబడి గడప దాటలేదు. ఆ రోజుల్లో లిటిల్ ఇండియా వెలవెలబోయింది. 2022లో ఆంక్షలు సడలించినా, ఆదివారాలు ఇక్కడికి రావాలంటే ఆ కార్మికులు ముందే పాస్ తీసుకోవాలన్నారు. పర్యటకుడు ఎప్పుడైనా వచ్చి ఫొటో తీసుకోవచ్చు. ఊరికి మేడలు కట్టినవాడు మాత్రం అప్పట్లో అనుమతి అడగాల్సి వచ్చింది!

రద్దీకి భయపడేవాళ్లు ఆదివారం అటు వెళ్లొద్దని సలహా ఇస్తుంటారు. నిజమే, మిగతా రోజుల్లో హాయిగా తిరగొచ్చు, తీరిగ్గా బేరమాడొచ్చు. కానీ అప్పుడు కనిపించేది దుకాణాలే. ఆ వీధులు ఎవరివల్ల బతుకుతున్నాయో తెలియాలంటే మాత్రం ఆదివారం సాయంత్రమే వెళ్లాలి. కాస్త ఇరుకైనా సరే!